యాభై రెండో గీత

మా తాత బక్కయ్య చేతికి ఏది ఇచ్చినా ముందు దాన్ని చూపుడు వేలి మీద పడుకోబెట్టి చూసేవాడు. గరిటె ఇస్తే గరిటె, చీపురు ఇస్తే చీపురు. అది అటూ ఇటూ ఊగి ఊగి ఒకచోట నిలబడేదాకా ఆయన కదిలేవాడు కాదు. నిలబడ్డాక ఆ చోటును బొటనవేలి గోరుతో నొక్కి, "గిదీ దీని గరిమనాభి" అని ప్రకటించి, అప్పుడు గరిటెను భార్య తిరుపతమ్మకు అందించేవాడు. ఈలోగా పొయ్యి మీద కూర అడుగంటేది.

"నీ నాభి పాడుగాను! వంకాయలు మాడిపాయె" అనేది తిరుపతమ్మ. పెళ్ళయిన కొత్తలో ఆమె దీన్ని ఏదో దేవుడి మొక్కు అనుకుందట. తర్వాత జబ్బు అనుకుంది. ఆ తర్వాత అనుకోవడం మానేసింది.

మనవలు కావ్య, ప్రవీణ్ మాత్రం ఊరుకునే రకం కాదు. ఆయన గొడుగు మడతల్లో గులకరాళ్ళు వేసి మూలన పెట్టేవాళ్ళు. పొద్దున కాలేజీకి బయల్దేరుతూ అలవాటుగా దాన్ని వేలి మీద పెడితే, గొడుగు ధడేలున ముక్కు మీదికి వాలేది. "ఎవడ్రా దీని గరిమనాభి జరిపింది?" అని వీధి దాకా వినబడేట్టు అరిచేవాడు. వనపర్తి మొత్తంలో మనవల్ని అలాంటి నేరానికి తిట్టిన తాత ఆయనొక్కడే అయి ఉంటాడు.

బక్కయ్య ఒక సర్కారు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అటెండరు. సొంతూరు కోడేరు. ఆ రోజుల్లో మెట్రిక్ గట్టెక్కి, పీయూసీలో చేరి, సరిగ్గా ఫిజిక్స్‌లోనే తప్పాడు. రెండోసారి రాయడానికి హాల్‌టికెట్ వచ్చిన రోజు ఆయన నడుముల్లోతు బురదలో దిగి బావి పూడిక తీస్తున్నాడు. నీళ్ళు ఊరుతున్నప్పుడు పని ఆపితే బావి అలుగుతుందని వాళ్ళ నాయన నమ్మకం. హాల్‌టికెట్ అలిగితే ఏమవుతుందో ఎవరూ అడగలేదు. పరీక్ష దాటిపోయింది. మూడేళ్ళ తర్వాత అటెండరు ఉద్యోగం దొరికింది. అదీ ఫిజిక్స్ ల్యాబ్‌లోనే. తను ఎక్కడ తప్పాడో దేవుడు అక్కడే తెచ్చి నిలబెట్టాడనుకున్నాడు, కాకపోతే గుమ్మం బయట.

ఎందుకంటే ముప్పై ఏళ్ళకు పైగా ఆయన పాఠాలన్నీ గుమ్మం దగ్గర నిలబడే విన్నాడు. లెక్చరర్ బోర్డు మీద లెక్క మొదలుపెడతాడు. ఒక నిచ్చెన గోడకు ఆని ఉంది. ఒక పలక రెండు రాళ్ళ మీద ఉంది. బక్కయ్య మెడ కొంచెం లోపలికి సాగుతుంది. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు, "బక్కయ్యా, చాక్‌పీసులు!" అంటారు. లేకపోతే "బక్కయ్యా, ప్రిన్సిపాల్ సార్ బెల్లు కొడుతుండు చూడు." ఆయన వెళ్ళి వచ్చేసరికి బోర్డు తుడిచేసి ఉంటుంది. అలా కొన్ని వేల లెక్కల మొదళ్ళు ఆయనకు తెలుసు. చివర్లు తెలియవు. ఆ నిచ్చెన జారిందో నిలిచిందో, ఆ పలక ఏ రాయి మీద ఎంత బరువు మోపిందో, అన్నీ మధ్యలోనే ఆగిపోయి ఆయన లోపల అలాగే గోడకు ఆని ఉండేవి.

ఆయన కోరిక పెద్దదేం కాదు. ఒక్క లెక్క. ఎవర్నీ అడక్కుండా, వెనక పేజీ తిప్పి జవాబు చూడకుండా, మొదటి గీత నుంచి చివరి గీత దాకా తనే చెయ్యాలి. చేశాక తెలిసినవాళ్ళు ఎవరైనా చూసి "రైటు" అనాలి. అంతే. రిటైర్మెంటుకు ఇంకా ఆరు నెలలు ఉంది.

ఇక్కడ ల్యాబులోని మీటరు స్కేలు సంగతి చెప్పాలి. అది చెక్కది, చాలా పాతది. దాని సున్నా కొసను ఎప్పుడో వానాకాలంలో చెదలు లోపల్నుంచి తిన్నాయి. పైకి గీతలు బాగానే కనిపిస్తాయి, లోపల డొల్ల. మామూలు స్కేలును కత్తి అంచు మీద పెడితే యాభయ్యో గీత దగ్గర నిలుస్తుంది. ఎందుకంటే ఏ వస్తువుకైనా దాని బరువంతా ఒకచోట కూడి కూర్చున్నట్టు ఉంటుంది, అక్కడ ఆనిక దొరికితే మిగతా ఒళ్ళంతా మాట వింటుంది. ఒక కొస డొల్లయ్యాక ఈ స్కేలు బరువు రెండో కొస వైపు జరిగింది. ఇది యాభై రెండు దగ్గర నిలుస్తుంది. కొత్తది పంపమని ఏటా రాసేవాళ్ళు, ఏటా రాలేదు. అందుకని ప్రాక్టికల్ పరీక్షల్లో ఎవరైనా పిల్లవాడు లెక్క కుదరక తెల్లబోతే, బక్కయ్య బల్ల తుడిచే వంకతో పక్కకు వెళ్ళి, "యాభై గాదు బిడ్డా, యాభై రెండు కాడికెళ్ళి లెక్కవెట్టు" అని గొణిగేవాడు. ఇరవై ఏళ్ళలో ఎంతమంది పిల్లలు ఆ గొణుగుడుతో గట్టెక్కారో లెక్క లేదు.

రెండువేల అయిదు జనవరిలో ఫిజిక్స్ చెప్పే భానుప్రకాశ్ సార్‌కు బదిలీ అయింది. ఆయన స్థానంలో ఎవరూ రాలేదు. మొదటి సంవత్సరం పిల్లలు మూడో పీరియడ్లో కాలేజీ పైకప్పు లేపుతున్నారు. ప్రిన్సిపాల్ బక్కయ్యను పిలిచాడు.

"మూడో పీరియడ్ల పోయి కూసో. ఏం చెప్పొద్దు, ఊకె కూసో. లొల్లి నా రూము దాక రావద్దు."

"సరే సార్."

బక్కయ్య లోపలికి అడుగు పెట్టగానే వెనక బెంచీ నుంచి ఒకడు, "సారొచ్చిండు, లేవుండ్రి!" అన్నాడు. యాభై మంది నవ్వుతూ లేచి నిలబడ్డారు. ఎగతాళి అని ఆయనకు తెలుసు. అయినా యాభై మంది ఒక్కసారి తన కోసం లేవడం ఆయనకు అదే మొదటిసారి. ఆయన కుర్చీలో కూర్చోలేదు. పక్కన నిలబడ్డాడు.

మూడు రోజులు అలా నిలబడ్డాడు. నాలుగో రోజు ముందు బెంచీలోని ఉమ అనే పిల్ల పుస్తకం ఎత్తి చూపించింది. ఆ పిల్ల బిజినేపల్లి నుంచి రోజూ బస్సులో వస్తుంది, ఎప్పుడూ కాగితాలకు పల్లికాయ మన్ను అంటుకుని ఉంటుంది.

"తాత, భానుప్రకాశ్ సార్ ఈ లెక్క సగం జెప్పి పోయిండు. నీకొస్తదా?"

లెక్క ఇది. ఒక ఏకరీతి మీటరు స్కేలును నలభయ్యో గీత దగ్గర కత్తి అంచు మీద ఉంచారు. ఇరవయ్యో గీత దగ్గర ముప్పై గ్రాముల బరువు వేలాడదీస్తే అది సమతాస్థితిలో ఉంది. స్కేలు ద్రవ్యరాశి ఎంత?

బక్కయ్య గుమ్మం వైపు చూశాడు. అలవాటు. ఎవరూ పిలవలేదు. చాక్‌పీసు తీసుకున్నాడు.

"చూడుండ్రి," అన్నాడు. బోర్డు మీద అడ్డంగా స్కేలు బొమ్మ గీశాడు. పిల్లల వైపు తిరిగి మళ్ళీ అన్నాడు. "చూడుండ్రి. ఇటు ముప్పై గ్రాములు, ఆనిక కాడికెళ్ళి ఇరవై దూరంల కూసుంది. అటు స్కేలు బరువు. రెండూ గుంజులాడుతున్నయి. ఎవ్వలు గెలుస్తుండ్రు?"

"ఎవ్వలూ గెలుస్తలేరు తాత!"

"శబాష్. ఎవ్వలూ గెలుస్తలేరంటే ఇద్దరి గుంజుడు సమానమన్నట్టు. బరువు ఎంతో, దూరం ఎంతో, రెండూ గుణిస్తే గుంజుడు. ఇటుది అటుది ఒక్కతీరు రావాలె. గంతే, ఇందుల మతలబు ఏం లేదు."

నవ్వడానికి నోరు తెరిచిన వెనక బెంచీవాడు కూడా పెన్ను మూత తీశాడు. బక్కయ్య బోర్డు మీద రాశాడు: 30 × 20 = M × 12. ఆ పన్నెండు దగ్గర ఆయన చెయ్యి అస్సలు ఆగలేదు. ఇరవై ఏళ్ళుగా యాభై రెండులోంచి తీసేసి తీసేసి ఆ చేతికి అదే దారి. కింద 600 అని, దాని కింద 600 భాగహారం 12 అని, దాని కింద 50 అని రాసి, గ్రాములు అని కూడా రాసి, కింద గీత కొట్టాడు. చివరి గీత. వెనక్కి తిరిగాడు. ఆ క్షణాన ఎవరైనా ఆయన్ను వేలి మీద పెడితే అలాగే నిలబడేవాడు.

"తాత," అన్నాడు వెనక బెంచీవాడు, పుస్తకం చివరి పేజీలో వేలు పెట్టి. "జవాబు అరవై."

"ఆఁ?"

"అరవై అని ఉన్నది. నీది యాభై."

బక్కయ్య బోర్డు వైపు తిరిగాడు. ముప్పై ఇరవైలు ఆరువందలు. సరిగ్గానే ఉంది. ఆరువందల్లో పన్నెండు యాభై సార్లు. అదీ సరిగ్గానే ఉంది. మళ్ళీ చూశాడు. నాలుగుసార్లు గుణించాడు, నాలుగుసార్లు భాగించాడు. పన్నెండును మాత్రం తిరిగి చూడలేదు. సొంతింటి గడప ఎత్తెంతో ఎవరు కొలుచుకుంటారు?

"పుస్తకంల అచ్చు తప్పు వడ్డదేమో తాత," అంది ఉమ మెల్లగా.

"అయ్యుంటది," అన్నాడు బక్కయ్య. "పుస్తకాలల్ల మస్తు తప్పులుంటయి."

గంట మోగింది. పిల్లలు అదంతా నోటుపుస్తకాల్లో ఎక్కించుకుని వెళ్ళిపోయారు. తప్పు తనదేనని ఆ మాట నోట్లోంచి వస్తున్నప్పుడే ఆయనకు తెలుసు. ఎక్కడో తెలియదు, అంతే.

ఆ తర్వాత ఇంట్లో నేలకు శాంతి లేకుండా పోయింది. వాకిట్లో, అరుగు మీద, గచ్చు మీద, ఎక్కడ చూసినా చాక్‌పీసుతో రాసిన ముప్పైలు ఇరవైలు. తిరుపతమ్మ చీపురు పట్టుకుని నిలబడి, "ఏంది, నువ్వు గిట్ల ముగ్గులేస్తవా ఇంక? నేను కాలేజీకి పోయి స్కేళ్ళు తుడువాల్నా?" అంది.

"జర ఆగు. ఎక్కడ్నో ఒక్కకాడ బరువు జరిగింది."

"నీ నెత్తిల జరిగింది."

కావ్య, ప్రవీణ్ వచ్చి పన్నెండును మెల్లగా పదమూడుగా దిద్ది పరుగెత్తారు. ఆయన తిట్టలేదు. మళ్ళీ పన్నెండుగా చేసి, దాని ముందే కూర్చున్నాడు. పన్నెండు పక్కనే కూర్చుని తప్పు కోసం ఊరంతా వెతికిన మనిషి ఆయనే. అన్నం తినేటప్పుడు కూడా పెదాలు కదిలేవి. మూడో పీరియడ్‌కు వెళ్తే బోర్డు వైపు వీపు పెట్టి కూర్చునేవాడు. ఉమ ఒకట్రెండుసార్లు ఏదో అడగబోయింది. ఆయన కిటికీ అద్దాలు తుడిచాడు.

ఫిబ్రవరిలో రెండో సంవత్సరం పిల్లలకు ప్రాక్టికల్స్ వచ్చాయి. పరీక్షకు రెండు రోజుల ముందు ఒక అట్టపెట్టె దిగింది. అందులో రెండు కొత్త మీటరు స్కేళ్ళు ఉన్నాయి. రంగు వాసన ఇంకా పోలేదు. పరీక్ష రోజు పొద్దున బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ బల్లల మధ్య తిరుగుతున్నాడు. బక్కయ్య కత్తి అంచు సర్ది, కొత్త స్కేలు తీసి, చూడకుండానే యాభై రెండు దగ్గర పెట్టి చేతులు వదిలాడు. స్కేలు ఒక పక్కకు ఒరిగి బల్ల మీద పడింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పడింది.

"ఏం బక్కయ్యా, చేతులు వణుకుతున్నయా?" అన్నాడు ఎగ్జామినర్. "రిటైర్మెంటు దగ్గరికొచ్చిందని స్కేలుకు గూడ తెలిసినట్టుంది."

బక్కయ్య స్కేలును రెండు గీతలు వెనక్కి జరిపాడు. యాభై. వదిలాడు. నిలబడింది. కొంచెం ఊగి, తొణకకుండా నిలబడింది.

ఏకరీతి. ఆ లెక్కలో ముందే ఉన్న మాట. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్కతీరు బరువున్న స్కేలు. అలాంటి స్కేలును ఇరవై ఏళ్ళుగా ఆయన చేత్తో ముట్టుకోలేదు. ఆ మాట కళ్ళ ముందు ఉన్నా కన్ను దాని మీదుగా దాటిపోయింది. యాభైలోంచి నలభై పోతే పది. ఆరువందల్లో పది అరవై సార్లు.

"అరవై," అన్నాడు పైకే.

"ఏంది?"

"ఏం లేదు సార్. అరవై."

తప్పు దొరికింది. కానీ చెప్పాల్సిన యాభై మంది అప్పటికే పరీక్షల ముందు సెలవులకు ఇళ్ళకు వెళ్ళిపోయారు, తన తప్పును నోటుపుస్తకాల్లో పెట్టుకుని. పుస్తకానిదే తప్పన్న మాటను కూడా పెట్టుకుని. ఆ వారమంతా వనపర్తి బజార్లో బక్కయ్య కనబడితే టౌను పిల్లలు సైకిళ్ళు తిప్పేసుకున్నారు. చౌరస్తాలో ఒకణ్ణి హ్యాండిల్ పట్టుకుని ఆపి, "అరవై రా, అరవై! మధ్యల యాభై తీస్కోవాలె!" అని చెప్తుంటే, పక్కన బండి మీద సంత్రా పండ్లు అమ్మేవాడు, "అరవైకి ఎట్లిస్త తాత, నాకే గంతకు పడలేదు" అన్నాడు. వెనక బెంచీవాడు సినిమా లైన్లో దొరికాడు. వాడు, "గా లెక్క నేను రాసుకోనేలేదు తాత, బొమ్మ గీసుకున్న. నీ బొమ్మ" అన్నాడు.

రాసుకున్నది ఎవరో బక్కయ్యకు తెలుసు. ఉమ చివరి గీత కూడా స్కేలు పెట్టి కొట్టుకుంది.

ఆదివారం నాగర్‌కర్నూల్ బస్సెక్కి బిజినేపల్లిలో దిగాడు. ఇద్దరు ముగ్గుర్ని అడిగితే ఇల్లు చూపించారు. ఇంటి ముందు పీకిన పల్లిచెట్లు కుప్పగా ఉన్నాయి. ఉమ, వాళ్ళమ్మ అలివేలమ్మ కూర్చుని కాయలు తెంపుతున్నారు. ఉమ ఒళ్ళో పుస్తకం తెరిచి ఉంది, గాలికి ఎగరకుండా పేజీ మీద పల్లిచెట్టొకటి పెట్టుకుంది.

"అమ్మా, మా కాలేజీ తాత!" అని లేచింది ఉమ.

అలివేలమ్మ ముఖం మారిపోయింది. "ఏమాయె పెద్దాయన? పోరి ఏమన్న తప్పు జేసిందా?"

"తప్పు నేను జేసిన బిడ్డా," అన్నాడు బక్కయ్య. మంచం వాల్చినా కూర్చోలేదు. "ఉమా, ఆ స్కేలు లెక్క. జవాబు అరవయ్యే. పుస్తకం రైటు, నేనే తప్పు. మన ల్యాబుల స్కేలును చెదలు తిన్నయి, దానికి మధ్య యాభై రెండు. గా ముచ్చట చెయ్యికి అలవాటై, ఈడ గూడ గదే ఏసిన. నువ్వు కొట్టేస్కో. పరీక్షల గట్ల రాయకు."

ఉమ పల్లికాయ ఒకటి వేళ్ళ మధ్య తిప్పింది.

"నేను దిద్దుకున్న తాత."

"ఎప్పుడు?"

"గా దినమే. బస్సుల."

బక్కయ్య అప్పుడు కూర్చున్నాడు.

"పన్నెండు కాడ తప్పింది అని దొరికింది," అంది ఉమ. "నువ్వెందుకు గట్ల తీస్కున్నవో సమజ్ కాలె. చెప్దామనుకున్న. కిటికీలు తుడుస్తుంటివి."

"క్లాసుల్నే చెప్పాలె గదా?"

"క్లాసుల తెల్వలే తాత. తెల్సినా చెప్పకపోతుంటి. నువ్వు మస్తు సంబురంగ రాస్తున్నవు."

ఆమె నోటుపుస్తకం తెచ్చి చూపించింది. ఒక పేజీలో ఆయన లెక్క ఉంది, మొదటి గీత నుంచి చివరి గీత దాకా, కొట్టివేత లేకుండా. దాని కింద ఆమె లెక్క ఉంది, పదితో, అరవైతో. నెలన్నర పాటు వాకిళ్ళన్నీ చెరిపి చెరిపి తను వెతికింది ఈ పిల్లకు బస్సు బిజినేపల్లి చేరేలోగా దొరికింది. దానికి ఆయనకు బాధేమీ కలగలేదు. ఆ వయసులో ఆ బస్సులో ఆ కిటికీ పక్కన తనూ ఒకసారి కూర్చుని ఉంటే ఎలా ఉండేదో అని మాత్రం అనిపించింది.

అలివేలమ్మ చాయ్ తెచ్చింది. గ్లాసు చేతిలో పెట్టుకునే ఆయన అడిగాడు.

"నీకు చెయ్యొస్తలేదనిపించిన లెక్క ఒకటియ్యి. వెనక పేజీ చూపకు."

"చెయ్యొచ్చినదే ఇస్త. లేకుంటే తప్పో రైటో ఎవరు చెప్పాలె?"

ఆ మాట నిజమే. ఆమె పుస్తకం తిప్పి ఒకటి చూపించింది. ఆరు మీటర్ల ఏకరీతి పలకను మిద్దె మీద నుంచి బయటికి పెట్టారు. నాలుగు మీటర్లు మిద్దె మీద, రెండు మీటర్లు గాల్లో. పలక బరువు ముప్పై కిలోలు. అరవై కిలోల మనిషి మిద్దె అంచు దాటి ఎంత దూరం నడిస్తే పలక తిరగబడే అంచుకు వస్తుంది?

బక్కయ్య మూడుసార్లు చదివాడు. ఏకరీతి అన్న మాట మీద వేలు పెట్టి నొక్కాడు. ఆరు మీటర్లకు మధ్య మూడు. మిద్దె అంచు నాలుగు దగ్గర. అంటే పలక బరువు అంచుకు లోపల ఒక మీటరు దూరంలో కూర్చుంది. నోటుపుస్తకం చివరి పేజీలో రాశాడు: 30 × 1 = 60 × x. చెయ్యి దేని మీదికీ తొందరపడలేదు. ప్రతి అంకె దగ్గర ఆగి, అది ఎక్కడి నుంచి వచ్చిందో దాన్నే అడిగి రాశాడు. చివరికి 0.5 వచ్చింది.

అర మీటరు. రాశాక ఆ మనిషి గురించి ఆలోచించాడు. ముందు రెండు మీటర్ల పలక కనిపిస్తూ ఉంటుంది, ఒకటిన్నర అడుగు దాటితే మాత్రం కాలు పెట్టడానికి లేదు. అక్కడే నిలబడి మిగతాది చూడాలి.

పుస్తకం ఉమ వైపు జరిపాడు. "మొగమాటపడకు. ఆ దినం తీరుగ జెయ్యకు."

ఉమ చూసింది. పెదాలు కదిలించుకుంటూ కింది నుంచి పైకి కూడా చూసింది.

"రైటు."

బక్కయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"గనీ," అంది ఉమ, "ఉట్టి సున్న పాయింట్ ఐదు అంటే ఏందది? కిలోలా, గంటలా? మీటర్లు అని రాయలే. ఒక మార్కు పాయె. నాలుగుకు మూడు."

"ఏందే పోరీ! పెద్దమనిషికి మార్కులు గోస్తవా?" అని అలివేలమ్మ కసిరింది.

"కొయ్యనీ బిడ్డా," అన్నాడు బక్కయ్య. పెన్ను తీసి ఉమ చేతికిచ్చాడు. "కొయ్యనీ. నాకు మార్కులు కోసి నలభై ఏండ్లాయె. ఉమా, గా మూడు ఈడ రాయి. పక్కకు. సున్న చుట్టి రాయి."

ఉమ అంచున మూడు వేసి, సున్న చుట్టింది. రోడ్డు మీద బస్సు హారను వినిపించింది. "వనపర్తి బస్సు తాత, మళ్ళ ఇంకోటి పొద్దుగూకేదాక లేదు" అని ఆమె లేచి చెప్పింది. బక్కయ్య చెప్పులు వేసుకోలేదు. పల్లిచెట్టు పక్కకు తీసి, పుస్తకం మళ్ళీ ఆ పిల్ల చేతుల్లోకి తోశాడు.

"ఇంకోటియ్యి," అన్నాడు. "ఈసారి ఎనిమిది మార్కులది."